అయిపోయిందని ఎవరన్నారు?

“నా కోడల్ని ఏం చేశారో చెప్పండి పంతులమ్మగారూ! చెప్పేదాకా ఈ గుమ్మం కదల్ను.”

ముప్పై రెండు తలలు ఒక్కసారి తలుపు వైపు తిరిగాయి. బోర్డు మీద మేఘం బొమ్మ గీస్తున్న హైమవతి చేతిలో మార్కరు ఆగిపోయింది. గుమ్మంలో నిలబడ్డ మనిషికి అరవై ఏళ్లుంటాయి. ఎగదోపిన చీర అంచుకి చెరువు బురద ఎండి అట్టకట్టింది. కళ్లు మాత్రం నిప్పుకణికల్లా ఉన్నాయి.

భీమవరంలో ‘సేతు భాషాకేంద్రం’ అంటే అందరికీ తెలుసు. నలభై రోజుల్లో స్పానిష్ నేర్పి ఈక్వడార్ రొయ్యల చెరువులకి మనుషుల్ని పంపే చోటు అది. అక్కడ చెరువులున్నాయి, రొయ్యలున్నాయి. రొయ్య మేత తినడం మానేస్తే దాని కళ్లు చూసి జబ్బు చెప్పగల మనుషులు మాత్రం గోదావరి జిల్లాల్లోనే ఉన్నారు. మధ్యలో అడ్డం భాష ఒక్కటే. ఆ అడ్డాన్ని తొలగించే పనిలో హైమవతి నాలుగేళ్లుగా ఉంది.

“ఎవరమ్మా మీ కోడలు?” అంది.

“అదుగో, మూడో వరసలో. రాయిలా కూచుంది చూడండి. సత్యవేణి.”

సత్యవేణి లేచి నిలబడింది. ఇరవై ఏడేళ్ల పిల్ల. మొహంలో సిగ్గూ లేదు, కోపమూ లేదు. “అత్తా, క్లాసు జరుగుతోంది. బయట కూచో, వస్తాను” అంది, బస్సు కోసం నిలబడ్డ మనిషితో మాట్లాడినట్టు.

“చూశారా! చూశారా ఆ మాట!” అత్తగారు మంగతాయారు గుండె మీద కొట్టుకుంది. “నా కొడుకు నూకరాజు చెరువులో కరెంటు కొట్టి పోయాడండి. దీని కళ్ల ముందే. పద్నాలుగు నెలలు ఇది పోలీస్ స్టేషన్‌కీ ప్లీడరు ఇంటికీ కాళ్లరిగేలా తిరిగింది. గురువారం వాయిదా. దీని సాక్ష్యం మీదే కేసంతా ఉంది. నిన్న ఏమందో అడగండి దీన్ని.”

“ఉన్నదే అన్నాను. ఒకరోజు నీళ్లలో కరెంటు వచ్చింది. ఆయన చనిపోయారు. కోర్టులో అదే చెప్తాను.”

“ఒకరోజా? రోజూ కొట్టేది కాదుటే? కాలు పెడితే జివ్వుమనేది కాదూ? మొగుడూ పెళ్లాలిద్దరూ చెరువు ఆసామి ఆ సుబ్బారాయుడికి ఎన్నిసార్లు మొర పెట్టుకున్నారే? ప్లీడరుగారేం చెప్పారు? ఒకసారి కొడితే ప్రమాదం, రోజూ కొడుతున్నా వైరు మార్చకపోతే నేరం అని చెప్పలేదూ?”

సత్యవేణి కాస్త ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. “ఒకసారి చెప్పినట్టున్నాం అత్తా. అయిపోయిందిగా. ఇప్పుడెందుకు?”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. హైమవతి మాత్రం మార్కరు మూత పెట్టి బల్ల మీద ఉంచింది. స్పానిష్‌లో జరిగిపోయినదాన్ని చెప్పడానికి రెండు దారులున్నాయి. వాన కురిసి వెలిసిపోతే ‘యోవియో’. కురుస్తూ ఉండేదని చెప్పాలంటే ‘యోవియా’. ముగిసిన గతం ఒకటి, సాగిన గతం ఒకటి. ఆ రెంటి మధ్య తడబడని విద్యార్థి ఇంతవరకూ ఆమెకి తగల్లేదు. తన మొగుడి చావు గురించి అడిగినప్పుడల్లా సత్యవేణి సాగిన గతంలోనే జవాబు రాసేది. అయిదు వారాల పాటు ఆ పిల్ల చేత హైమవతి చెప్పించాలని చూసిన జవాబు ఏదైతే ఉందో, సరిగ్గా అదే ఇప్పుడు వినబడింది. ఏ తడబాటూ లేకుండా, తెలుగులో.

మొన్న శనివారమే ఆ పిల్లకి తొంభై ఆరు మార్కులొచ్చాయని క్లాసులో చప్పట్లు కొట్టించింది హైమవతి.

*

మేడ మీద గదిలో యంత్రం ఉంటుంది. దాని పేరు కాలసూచి. చూడటానికి నుదుటికి కట్టుకునే పట్టీ, దానికి రెండు బిళ్లలు, ఎదురుగా ఒక తెర. అంతే. పట్టీ కట్టుకున్న మనిషిని ‘వాన’ అని అడిగితే తలలో ఏదో ఒక వాన లేస్తుంది కదా, ఆ వాన ముగిసినదైతే తెర మీద గోధుమరంగు చుక్క, ఇంకా లోపల కురుస్తూనే ఉంటే ఆకుపచ్చ చుక్క. రంగు చూసి మాట ఎంచుకోవడం పది రోజుల్లో అలవాటైపోతుంది. ఏళ్ల తరబడి వ్యాకరణం బట్టీపట్టినా రానిది ఇలా వచ్చేస్తోందని పత్రికలు రాశాయి. హైమవతి కూడా ఆ పత్రికలు దాచుకుంది.

యంత్రం నడిపే జెస్సీ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా హైమవతి వచ్చి పక్కన కూచుంది. “సత్యవేణి సిట్టింగులు చూపించు.”

“తినేసి చూపిస్తానండి.”

“ఇప్పుడు చూపించు జెస్సీ.”

తెర మీద మొదటి సిట్టింగు వచ్చింది. తెరంతా ఆకుపచ్చ. పచ్చగడ్డి మొలిచినట్టు చుక్కలు, చుక్కల పక్కన చుక్కలు.

“ఇవన్నీ ఏంటి?”

“చెరువు, కరెంటు, వాళ్లాయన. నాలుగొందల పన్నెండు జ్ఞాపకాలు మేడమ్. ‘మీ ఆయన ఎలా చనిపోయాడు’ అని అడిగితే ఆమెకి ఆ ఒక్కరోజు లేవదు. రోజులన్నీ లేస్తాయి. చావు ముగిసిన సంగతి కదా, గోధుమరంగు రావాలి. రాదు. తప్పు జవాబు. మళ్లీ తప్పు. మళ్లీ తప్పు.” జెస్సీ వేలితో తెర జరిపింది. “ఇది చివరి సిట్టింగు.”

తెర ఖాళీ. మధ్యలో ఒకే ఒక్క గోధుమరంగు చుక్క.

“మిగతావి?”

“దీంట్లోనే ఉన్నాయి. తప్పులు తగ్గాలంటే యంత్రానికి రెండు దార్లు మేడమ్. మనిషికి నేర్పాలి, లేదా జ్ఞాపకాన్ని సర్దాలి. అదనపు సిట్టింగులు ఆరు దాటితే రెండో దారి పడుతుంది. ఒకే తరహావి అన్నీ కలిపి చాప చుట్టినట్టు చుట్టేస్తుంది. పైకి ఒకటే కనిపిస్తుంది.”

“ఎవరు దాటించారు ఆరు?”

జెస్సీ సొరుగు లాగి ఒక పచ్చ చీటీ తీసి బల్ల మీద పెట్టింది. ‘సత్యవేణి, గతకాలం బలహీనం. అదనపు సిట్టింగులు: పది.’ కింద సంతకం హైమవతిది. పక్కన చిన్న నవ్వుమొహం బొమ్మ కూడా వేసింది, ధైర్యం చెప్పడానికి.

“ఇలాంటివి ఎన్ని?” అంది హైమవతి.

“నూటపద్నాలుగు. ఈమె తప్ప అందరూ ఈక్వడార్ వెళ్లిపోయారు. నాకు అది పాఠం అనే చెప్పారండి. నేను బటన్లు నొక్కే మనిషిని.”

“నేను సంతకాలు పెట్టే మనిషిని. బాగానే కుదిరాం ఇద్దరం. చుట్టిన చాప విప్పచ్చా?”

“అదే సిట్టింగు తిరగేసి నడిపితే విడిపోతుంది. కాకపోతే అంతా ఒక్కసారి వస్తుంది మేడమ్. నేర్చుకున్న స్పానిష్ కూడా చాలావరకు పోతుంది. దాని మీద కట్టిందే కదా.”

*

డాక్టర్ నీలకంఠం కాలసూచిని కనిపెట్టిన మనిషి. మెత్తగా మాట్లాడతాడు. అరవడం చేతకాదు కాబట్టి మంచివాడని నాలుగేళ్లుగా హైమవతి నమ్మకం.

“దీంట్లో తప్పేముంది హైమగారూ?” అన్నాడు అంతా విని. “ఆ అమ్మాయి వచ్చినప్పుడు రాత్రుళ్లు నిద్ర లేదు, తిండి లేదు. ఇప్పుడు నిద్రపోతోంది. ఉద్యోగం వచ్చింది. చేతిలో పాస్‌పోర్టు ఉంది. ఆమె పోగొట్టుకున్నదేంటో చెప్పండి.”

“కోపం.”

“కోపం పోతే నష్టమా?”

“మీది కాదు కాబట్టి అంత తేలిగ్గా అడుగుతున్నారు. ఆమెని అడిగారా? ‘అమ్మాయ్, నీ మొగుడితో గడిపిన నాలుగొందల రోజులు చాప చుట్టేస్తాం, సరేనా’ అని ఒక్కమాట అడిగారా?”

“దరఖాస్తులో రాసి ఉంది. ‘బోధనకు అవసరమైన సర్దుబాట్లు’ అని.”

“ఆమెకి అది కళ్లద్దాల సర్దుబాటులా వినిపించి ఉంటుంది!”

తలుపు తట్టకుండానే ఎవరో లోపలికొచ్చారు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చంకలో థర్మాకోల్ పెట్టె. వెనకాలే ఐసు నీళ్లు బొట్లుబొట్లుగా నేల మీద పడుతున్నాయి.

“డాక్టరుగారూ, ముప్పై కౌంటు రొయ్యలు, కిలోకి ముప్పయ్యే తూగుతాయి! మన చెరువులోవే. ఇంట్లో ఇవ్వండి, అమ్మగారు సంతోషిస్తారు.” పెట్టె బల్ల మీద పెట్టి హైమవతిని చూసి రెండు చేతులూ జోడించాడు. “పంతులమ్మగారు కూడా ఇక్కడే ఉన్నారు! నా పేరు సుబ్బారాయుడండి. మీ చదువు అమోఘం. ఆ సత్యవేణి పద్నాలుగు నెలలుగా నన్ను చూస్తే ఉమ్మేసేది. మొన్న గట్టు మీద ఎదురుపడి ‘నమస్కారమండీ’ అంది! నాకు కళ్లంట నీళ్లొచ్చాయి, నిజం.”

నీలకంఠం పెట్టెని కాగితాల మీంచి పక్కకి జరిపాడు.

“ఇంకో ఇద్దరున్నారండి మా గట్టు మీద,” అన్నాడు సుబ్బారాయుడు కుర్చీ లాక్కుని. “అప్పలస్వామి, వాడి పెళ్లాం. వాళ్లకీ ఈ స్పానిష్ చెప్పించండి. తొందరగా అయితే బాగుండు, గురువారం లోపల.”

“వాళ్లు ఈక్వడార్ వెళ్తారా?” అంది హైమవతి.

“ఎక్కడికీ వెళ్లరండి. చదువెక్కడున్నా మంచిదేగా!”

హైమవతి నీలకంఠం మొహంలోకి చూసింది. లేచి బయటికి పొమ్మంటాడని చూసింది. రొయ్యల పెట్టె విసిరి కొడతాడని చూసింది. నీలకంఠం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “వాళ్ల వయసెంత?” అన్నాడు.

ఆ రెండు ముక్కలతో నాలుగేళ్లు తెగిపోయాయి.

“బడి అనుకున్నాను నీలకంఠంగారూ,” అంది హైమవతి లేస్తూ. “లాండ్రీ అన్నమాట. ఎవరి మరకలు వాళ్లు చంకన పెట్టుకుని తెచ్చుకుంటారు, మీరు ఉతికి మడత పెట్టిస్తారు. అందులో నేను సబ్బు!”

“పంతులమ్మగారికి కోపమొచ్చినట్టుంది,” అన్నాడు సుబ్బారాయుడు. “పోనీ ఈవిడకి కూడా ఓ సిట్టింగు...”

తలుపు దడాలున మూసుకుంది.

*

మంగళవారం పొద్దున్నే హైమవతి కొత్తగరువు చెరువుల మీదికి వెళ్లింది. సత్యవేణి సుబ్బారాయుడి గట్టు ఎప్పుడో వదిలేసింది. ఇప్పుడు వేరే రైతు దగ్గర మేత పని. నీళ్ల మధ్య కరెంటుతో తిరుగుతూ గాలి పట్టించే ఏరేటర్లు తెల్లగా నురగ చిమ్ముతున్నాయి. సత్యవేణి నీళ్లలో వేలాడదీసిన పళ్లెం పైకి లాగి రొయ్యలు మేత ఎంత మిగిల్చాయో చూడటానికి గట్టు అంచున కూచుంది.

తాడు పట్టుకునే ముందు ఆమె కుడిచెయ్యి తిరగేసి, వేళ్ల వెనకభాగంతో నీటిని రెండుసార్లు ముట్టి చూసింది. తర్వాత తాడు పట్టింది. పక్క పళ్లెం దగ్గరికి వెళ్లి మళ్లీ అలాగే ముట్టింది.

“అదెందుకు?” అంది హైమవతి.

“ఏదండి?”

“అలా చెయ్యి తిరగేసి ముడుతున్నావెందుకు?”

సత్యవేణి తన చేతిని తానే వింతగా చూసుకుంది. “అలవాటండి. కరెంటు ఉంటే తెలిసిపోద్ది. అరచేత్తో ముడితే పట్టేసి వదలదు, వెనక నుంచి ముడితే చెయ్యి దానంతటదే వెనక్కొచ్చేస్తది. గట్టు మీద అందరం...” ఆగింది. పళ్లెంలో రొయ్యలు చిటచిటా ఎగురుతున్నాయి. “మేడమ్, ఒక్కసారి కరెంటు కొట్టిన మనిషికి ఇంత అలవాటు ఎలాగవుద్దండి?”

హైమవతి సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసింది. సత్యవేణిదే. ఇంకా పట్టీ తలకి కట్టకముందు, మొదటివారంలో ఇంటిపని ఇచ్చింది: ‘మీ జీవితంలో ముగిసిపోయిన ఒక సంఘటన గురించి అయిదు వాక్యాలు.’

“ఇప్పుడు ఈ స్పానిష్ తడుముకోకుండా చదవగలనండి,” అంది సత్యవేణి. గట్టు మీద కూచుని వేలు పెట్టి పైకి చదివి, తెలుగులో చెప్పుకుంటూ పోయింది. “నీళ్లు రోజూ కరెంటు కొట్టేవి. మేము అయ్యగారికి రోజూ చెప్పేవాళ్లం. రొయ్యల పట్టుబడి అయ్యాక వైరు మారుస్తాలే అని ఆయన నవ్వేవాడు. నూకరాజు నాకంటే ముందు దిగేవాడు. నువ్వు గట్టు మీదుండు, ముందు నన్ను చూడనీ అనేవాడు.”

అయిదు వాక్యాలకీ ఎర్ర సున్నాలు చుట్టి ఉన్నాయి. అంచున ఎర్రసిరాతో: ‘ఇది అయిపోయిన సంగతి! సాగిన గతం వాడకూడదు. అన్నీ తప్పు.’

“మీ రాతే కదండీ ఇది?”

“నాదే. నువ్వు రాసింది నిజం. నేను తప్పు పెట్టాను. అక్కడితో ఆగలేదు.” హైమవతి గట్టు మీద బురదలోనే కూచుని చీటీ సంగతి, చాప చుట్టిన సంగతి, సుబ్బారాయుడి రొయ్యల పెట్టె సంగతి దాచకుండా చెప్పింది. “దాన్ని విప్పచ్చు. కానీ అడక్కుండా మూసినవాళ్లలో నేనొకదాన్ని. అడక్కుండా తెరిచే పాపం కూడా నేను చెయ్యను. విప్పితే పద్నాలుగు నెలల ఏడుపు ఒక్కపూటలో వస్తుంది. ఈక్వడార్ పోతుంది. వద్దంటే లేచి వెళ్లిపోతాను, మీ అత్తగారికి నేను నచ్చజెప్తాను.”

సత్యవేణి పళ్లెం తిరిగి నీళ్లలోకి దించింది.

“ఇప్పుడు నాకు నిద్ర పడతందండి. ఆయన ఫోటో చూస్తే ఎవరో చుట్టాలబ్బాయిలా ఉంటాడు. మొదట్లో కంగారుపడ్డాను. తర్వాత బాగానే ఉందిలే అనుకున్నాను. అక్కడికెళ్లి, సొంతంగా బతికి...” వేలు మళ్లీ నాలుగో వాక్యం మీదికి వెళ్లింది. “ఈయన నాకంటే ముందు దిగేవాడా?”

“నువ్వే రాశావు.”

“నాకు గుర్తు లేదు మేడమ్. ఆ ఒక్కరోజు దిగడం గుర్తుంది. అంతే.” గొంతులో ఏడుపు లేదు. ఏడవటానికి లోపలేమీ లేదు. ఉన్నదల్లా ఒక లెక్క తేలని ఆశ్చర్యం. అది మెల్లిగా గట్టిపడింది. “రోజూ నాకోసం ముందు దిగిన మనిషిని ఒక్కరోజు మనిషిని చేసేశారా? ఎవరికి కావలసొచ్చిందండి అలాగ? ఈ పుస్తకంలో పిల్ల ఎవరోగానీ చాలా కోపంగా ఉంది. ఆ కోపం నాది. నాది నాకిచ్చెయ్యండి.”

*

బుధవారం మధ్యాహ్నం రెండుగంటలకి జెస్సీ తలుపు లోపల గడియ పెట్టింది. కుర్చీలో సత్యవేణి, ఒక పక్క హైమవతి, కాళ్ల దగ్గర నేల మీద మంగతాయారు. జెస్సీ ఆమె నుదుటికి పట్టీ కట్టింది.

“పదకొండు నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపమంటే ఆపేస్తాను.”

“ఆపమని నేనన్నా ఆపకండి,” అంది సత్యవేణి.

“ఆపుతాను,” అంది జెస్సీ. “ఈసారి నువ్వేమంటే అదే.”

మూడో నిమిషంలో తలుపు మీద చప్పుడు. నీలకంఠం గొంతు. “హైమగారూ, ఇది మీరు చెయ్యకూడదు! పరికరం సంస్థది!”

“తలకాయ నాదండి!” అని కుర్చీలోంచి సత్యవేణి కేకేసింది. చప్పుడు ఆగిపోయింది.

తెర మీద గోధుమరంగు చుక్క చిట్లింది. పక్కన ఒక ఆకుపచ్చ చుక్క. ఇంకొకటి. పది. అక్కణ్నించి లెక్కపెట్టడం ఎవరివల్లా కాలేదు. సత్యవేణి పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. కుడికాలు జివ్వున వెనక్కి లాక్కుంది. మళ్లీ లాక్కుంది. ఆ కాలు అలా ఎన్నిసార్లు ఎగిరిందో చూస్తున్న మంగతాయారు దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుంది. తర్వాత గదిలో వచ్చిన కేక కింద క్లాసులోకి, రోడ్డు మీదికి, ఎదురుగా ఉన్న మందుల షాపులోకి వినబడింది.

“చాలే తల్లీ! ఆపేయండమ్మా, చాలు!” అని మంగతాయారే ఏడ్చింది. “నాకు ఏడుపూ వద్దు, కేసూ వద్దు. పిల్ల చచ్చిపోయేట్టుంది!”

జెస్సీ చెయ్యి బటన్ మీదికి వెళ్లింది. సత్యవేణి తల అడ్డంగా ఊపింది.

పదకొండు నిమిషాలు. తర్వాత మూడు గంటలు అత్తాకోడళ్లిద్దరూ నేల మీద ఒకరినొకరు పట్టుకుని కూచున్నారు. మధ్యమధ్యలో మాటలు వినబడుతున్నాయి. “ఆయన పాట పాడేవాడత్తా, దిగే ముందు. భయం తెలీకుండా.” “చిన్నప్పట్నుంచీ అంతే వాడు.” “గొంతు బాగుండేది కాదు.” “ఎక్కడిదే గొంతు, వాళ్ల నాన్న పోలిక.” ఏడుపులో నవ్వొచ్చింది, నవ్వులోంచి మళ్లీ ఏడుపొచ్చింది.

చీకటి పడకముందే సత్యవేణి లేచి మొహం కడుక్కుంది. కళ్లు వాచిపోయాయి. కానీ ఆ కళ్లలో మనిషి ఉంది. నేరుగా హైమవతి ముందుకొచ్చి నిలబడింది.

“అయిపోయిందని ఎవరన్నారండి?”

“నేనన్నాను.”

“అయితే రేపు మీరు కూడా రండి. ఆ మాట అక్కడ చెప్పండి.”

*

గురువారం కోర్టులో హైమవతినే ముందు పిలిచారు. ఆ పొద్దునే ప్రభుత్వ న్యాయవాది ఆమెని అదనపు సాక్షిగా చేర్చాడు. నోటుపుస్తకం మేజిస్ట్రేటు బల్ల మీద ఉంది. నీలకంఠం రాలేదు. కానీ ఆయన ఇచ్చిన కాగితం ముద్దాయి తరఫు లాయరు చేతిలో రెపరెపలాడుతోంది.

“మీరు స్పానిష్ టీచరా?” అన్నాడు లాయరు.

“నిన్నటిదాకా.”

“నిన్న మధ్యాహ్నం యంత్రం పెట్టి ఈ సత్యవేణి బుర్రలో కొత్త జ్ఞాపకాలు ఎక్కించారట!”

“ఎక్కించలేదు. మేము దొంగిలించినవి తిరిగి ఇచ్చాం. ఆ పుస్తకంలో ఆమె రాసింది యంత్రం ముట్టకముందు. పైన తేదీ ఉంది, కింద నా సంతకం ఉంది. సాక్ష్యం చెప్పడం ఆ అమ్మాయి అప్పుడే మొదలుపెట్టిందండి. తప్పు అని నేను కొట్టేశాను.” మేజిస్ట్రేటు వైపు తిరిగింది. “నూటపద్నాలుగు మందికి నేను ఇలాగే సంతకాలు పెట్టాను. వాళ్లలో ఎవరి ఏ గాయం మూసేశామో నాకు తెలీదు. జాబితా పొద్దున్నే పోలీసులకిచ్చాను. ముద్దాయి ఇంకో ఇద్దరు సాక్షుల్ని మా దగ్గరికి పంపబోయాడు. నా ఎదురుగానే అడిగాడు. అది కూడా రాసుకోండి.”

సుబ్బారాయుడు చొక్కా కాలరు సర్దుకున్నాడు. కోర్టు గదిలో మొదటిసారి ఆ ఇస్త్రీ మడత నలిగింది.

తర్వాత సత్యవేణిని పిలిచారు. బోను కర్ర పట్టుకుని నిలబడింది. రాత్రంతా నిద్ర లేని మొహం. వెనక బెంచీలో మంగతాయారు చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

ప్రభుత్వ న్యాయవాది అడిగినవాటికి సూటిగా జవాబు చెప్పింది. ముద్దాయి తరఫు లాయరు లేచి, చాలా దయగా, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

“చూడమ్మా. వాళ్లూ వీళ్లూ నేర్పినవి వదిలెయ్. నువ్వు కష్టంలో ఉన్నావు, మాకూ జాలే. ఆ రోజు, ఆ ఒక్కరోజు ఏం జరిగిందో అది మాత్రం కోర్టువారికి చెప్పు. చాలు.”

“ఆ రోజు కొత్తగా ఏం జరగలేదండి,” అంది సత్యవేణి. “రోజూ జరిగేదే జరిగింది. రోజూ లేచే మనిషి ఆ రోజు లేవలేదు.”

టైపిస్టు వేళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలాయి.

“అదెలా నమ్మమంటావమ్మా? నీ బుర్ర మూసి, తెరిచి, దానితో...”

“నన్ను నమ్మొద్దండి!” సత్యవేణి చెయ్యి చాచి ముద్దాయి బెంచీ వైపు చూపించింది. “అడుగో, ఆయన్నడగండి. రోజూ చెప్పేవాళ్లం, రోజూ నవ్వేవాడు. ఆయనకి అన్నీ గుర్తున్నాయి. ఆయన తలకి ఎవరూ పట్టీ కట్టలేదుగా!”